‘కట్టాడు’ దగ్గర ఆగిపోయాం: ఓరుగల్లు గైడు పుస్తకం డైరీ

జులై 6, 2025

వరంగల్, హనుమకొండ, ములుగు చుట్టుపక్కల చూడదగిన చోట్ల గురించి ఇంగ్లీషులో పదహారు పేజీల చిన్న పుస్తకం వేయాలని పని మొదలుపెట్టాం. ‘మేం’ అంటే మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది, వాళ్ళకు ఇంగ్లీషు చెప్పే నేను. వచ్చే జనవరిలో మేడారం జాతర. అప్పటికి పుస్తకం చేతిలో ఉండాలి.

ఈ ఆలోచన పుట్టింది వేయిస్తంభాల గుడి మెట్ల మీద. పోయిన నెల పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళాను. కేరళ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా అమ్మాయిని పలకరించి, ఈ గుడి ఎప్పటిదమ్మా అని ఇంగ్లీషులో అడిగారు. ఆ అమ్మాయి చరిత్రలో తరగతికే మొదటిది. నోరు తెరిచింది, ఆగిపోయింది, నా వైపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పింది: “మేడం, 1163 తెలుసు. కాకతీయ రాజు రుద్రదేవుడు తెలుసు. మూడు గర్భగుళ్ళలో శివుడు, విష్ణువు, సూర్యుడు అని తెలుసు. ‘కట్టాడు’ దగ్గరే ఆగిపోయాను. ఏది వాడాలో తెలియలేదు.”

పదిహేడేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ రోజు మొదటి పనిగా పదకొండు మందికీ ఒకే వాక్యం ఇచ్చాను: రుద్రదేవుడు 1163లో ఈ గుడి కట్టించాడు. దీన్ని ఇంగ్లీషులో రాయమన్నాను. నలుగురు ‘హాజ్ బిల్ట్’ అని రాశారు. ముగ్గురు ‘హాడ్ బిల్ట్’. ఇద్దరు ‘బిల్ట్’. ఒకరు ‘ఈజ్ బిల్ట్’. ఒక అబ్బాయి కాగితం ఖాళీగా ఇచ్చాడు. తప్పు రాయడం కంటే రాయకపోవడం నయం అనుకున్నాడట. ఆ ఖాళీ కాగితాన్నే ఫైలులో మొదటి పేజీగా పెట్టాను.

జులై 13

పన్నెండు గళ్ళ పట్టిక గీశాను. వర్తమానం, భూతం, భవిష్యత్తు అడ్డంగా. సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ నిలువుగా. పిల్లలు కళ్ళు మూసుకుని అప్పజెబుతారు. కానీ అదే పిల్లలు నిన్న భద్రకాళి గుడికి వెళ్ళిన సంగతి రాయమంటే ‘ఐ హాడ్ గాన్’ అని మొదలుపెట్టారు. పట్టిక వాళ్ళ నాలుక మీద ఉంది, వాక్యంలోకి దిగడం లేదు.

ఎందుకు దిగడం లేదో మధ్యాహ్నం తెలుగు వాక్యాలు పక్కన రాసుకుంటూ కూర్చుంటే అర్థమైంది. ‘నేను రామప్ప గుడి చూశాను’ అని తెలుగులో అన్నామంటే అందులో రెండు మాటలు దాగి ఉంటాయి. పోయిన ఆదివారం చూశాను అని చెప్పవచ్చు. నా జీవితంలో ఆ గుడి చూసిన అనుభవం ఉంది అని కూడా చెప్పవచ్చు. మనకు రెంటికీ ఒకే క్రియ. ఇంగ్లీషువాడు ఈ రెంటినీ విడదీస్తాడు. రోజు చెప్పి ముగించేస్తే ‘సా’. రోజు చెప్పకుండా, ఆ చూడడం ఇప్పటి నాకు చెందిందిగా చెబితే ‘హావ్ సీన్’.

‘చూడలేదు’ కూడా అంతే. ‘నిన్న చూడలేదు’ వేరు, ‘ఇంకా చూడలేదు’ వేరు. మన క్రియ మారలేదు. దాని ముందున్న ‘నిన్న’, ‘ఇంకా’ మారాయి. ఇంగ్లీషులో ఆ తేడా క్రియకే ఎక్కుతుంది: మొదటిది ‘డిడ్ నాట్ సీ’, రెండోది ‘హావ్ నాట్ సీన్’.

అంటే సమాచారం తెలుగులో లేకపోలేదు. అది క్రియలో కాకుండా పక్కనున్న చిన్న మాటల్లో ఉంది. పిల్లలు క్రియను మాత్రమే తీసుకుని అనువాదం చేస్తున్నారు. చిన్న మాటలను దారిలో వదిలేస్తున్నారు. ఇన్నేళ్ళూ నేను కూడా వాళ్ళకు క్రియనే చూపించాను.

పట్టిక చెరిపేశాం. బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసి పెట్టాను: ఈ వాక్యంలో చిన్న మాట ఏది?

‘1163లో’ అనేది ముగిసిపోయిన సమయం. అలాంటి మాట ఉంటే ఇంగ్లీషులో ‘హాజ్’కు చోటు లేదు. రుద్రదేవుడు ‘బిల్ట్’, లేదా గుడి ‘వాజ్ బిల్ట్’. ఇంతవరకు అందరికీ పట్టుబడింది.

ఒక అబ్బాయి అడిగాడు: “కట్టింది రాజు కాదు కదా మేడం, కట్టించాడు. ఆ ‘ఇంచు’ ఇంగ్లీషులో ఎక్కడికి పోయింది?” నిజమే. ‘హాడ్ ఇట్ బిల్ట్’ అని చెప్పవచ్చు, కానీ ఇంగ్లీషు పుస్తకాల్లో రాజులే నేరుగా కట్టినట్టు ‘బిల్ట్’ అని రాస్తారు. రాళ్ళు మోసినవాళ్ళు, చెక్కినవాళ్ళు ఆ క్రియలో కనబడరు. మన ‘కట్టించాడు’లో వాళ్ళ ఉనికి వినిపిస్తుంది. ఆ వాక్యాన్ని ‘ది టెంపుల్ వాజ్ బిల్ట్’ అని, రుద్రదేవుడి కాలంలో అని రాద్దామని పిల్లలే తీర్మానించారు.

జులై 27

రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్ళి వచ్చాం. హనుమకొండ నుంచి ములుగు మీదుగా బస్సు. వర్షం సన్నగా పడుతూనే ఉంది. తడిసిన ఎర్ర ఇసుకరాయి రంగు ఎండలో చూసినదానికంటే లోతుగా ఉంది.

అక్కడే అరుగు మీద కూర్చుని రాయమన్నాను. ‘గుడి ఎత్తైన నక్షత్రాకారపు అరుగు మీద నిలబడి ఉంది’ అనే వాక్యానికి అందరూ ‘ఈజ్ స్టాండింగ్’ రాశారు. తెలుగులో ‘ఉంది’ వినబడగానే చేతికి ‘ఈజ్’, దాని వెనకాలే ‘ఇంగ్’ వచ్చేస్తున్నాయి. ఇక్కడ పిల్లల్ని లేపి నిలబెట్టాను. మీరు నిలబడ్డారు, కాసేపటికి కూర్చుంటారు. ఇది ‘స్టాండింగ్’. గుడి 1213 నుంచి నిలబడే ఉంది, రేపు కూర్చోదు. దీనికి ‘స్టాండ్స్’ చాలు. శాశ్వతంగా ఉన్న చోటును, ఆకారాన్ని చెప్పేటప్పుడు ఇంగ్లీషు సాదా వర్తమానంతో సరిపెట్టుకుంటుంది. చెరువు పక్కనే ‘లైజ్’, దారి గుడి దాకా ‘గోజ్’, పైకప్పు కింది మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు) స్తంభాల నుంచి బయటికి ‘లీన్’. ‘ఇంగ్’ తగిలిస్తే ఆ మదనికలు సాయంత్రానికి తిరిగి నిటారుగా నిలబడతాయేమో అనిపిస్తుంది.

ఒక అమ్మాయి ఎత్తు మడమల పాదరక్షలు వేసుకున్న మదనిక బొమ్మ కింద చాలాసేపు నిలబడింది. “ఆమె చెప్పులు వేసుకుంది” అని రాయాలి. ‘వోర్’ అందామా, ‘వేర్స్’ అందామా? శిల్పం ఎనిమిది వందల ఏళ్ళనాటిది కాబట్టి భూతకాలం అనుకుంది. చెక్కడం గతం. చెక్కిన బొమ్మలో ఉన్నది మాత్రం చూసేవాడి కళ్ళ ముందు ఇప్పుడే ఉంది. అందుకే బొమ్మలను, చిత్రాలను వర్ణించేటప్పుడు ఇంగ్లీషు వర్తమానంలోనే మాట్లాడుతుంది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడిని ‘బిల్ట్’. మదనిక పాదరక్షలు ‘వేర్స్’. ఒకే పేరాలో రెండు కాలాలు పక్కపక్కనే కూర్చున్నాయి, ఏదీ తప్పు కాదు.

యునెస్కో వాక్యం దగ్గర వాదన జరిగింది. ‘రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.’ తేదీ రాస్తే, అంటే 2021 జులై 25న అని పెడితే, ‘వాజ్ ఇన్‌స్క్రైబ్డ్’. తేదీ వద్దు, ఇప్పుడు గుర్తింపు ఉన్న గుడి అని చెప్పాలనుకుంటే ‘హాజ్ బీన్’. పిల్లల్లో సగం మంది తేదీ కావాలన్నారు, సగం మంది వద్దన్నారు. ఏది కావాలో నిర్ణయించేది వ్యాకరణం కాదు, చదివేవాడికి మనం ఏమి చెప్పదలచుకున్నాం అన్నది. చివరికి తేదీ ఉంచాం. చదివిన విదేశీయుడికి అది ఎంత కొత్త గుర్తింపో తెలియాలి అన్న అమ్మాయి మాట నెగ్గింది.

జిల్లా పేరు ఇంకొక చిక్కు. 2016 అక్టోబరు వరకు పాలంపేట పాత వరంగల్ జిల్లాలో ఉండేది. తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. మన ‘ఉండేది’ ఎంత చక్కని మాట! ఒకప్పుడు నిలకడగా ఉండి, ఇప్పుడు లేనిదాన్ని ఒక్క మాటలో చెబుతుంది. దీనికి ఇంగ్లీషులో ‘యూజ్డ్ టు బీ’ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ‘ఉండేది, వచ్చేవారు, నేసేవాడు’ అని తెలుగులో వస్తే ముందు ‘యూజ్డ్ టు’ను తలచుకోమని చెప్పాను.

ఆగస్టు 10

కొత్తవాడ, వరంగల్‌లో నేతపనివాళ్ళ పేట. ఇది రాయడానికి నాకు చాలా సమయం పట్టింది.

వరంగల్ దర్రీలకు, అంటే నేల మీద పరుచుకునే నేత తివాచీలకు, 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పుస్తకంలో వాటికి రెండు పేజీలు. మా తరగతిలో ఒక అబ్బాయి తాత కొత్తవాడలో నేతపని చేసినవారు. ఆయన్ను కలవడానికి వెళ్ళాం. పెద్దాయన నూలు పట్టుకునే తీరు, రంగుల వరసలు చేతులతో గాలిలో చూపిస్తూ చెప్పిన తీరు చూశాక పిల్లలు ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశారు.

ఇంటికి వచ్చాక అబ్బాయి రాసిన వాక్యం: మా తాత నలభై ఏళ్ళుగా దర్రీలు నేస్తున్నారు. దానికి ఇంగ్లీషు ‘హాజ్ బీన్ వీవింగ్ ఫర్ ఫార్టీ ఇయర్స్’. వ్యాకరణం ఎక్కడా తప్పు లేదు. ఈ నిర్మాణం పిల్లలకు నేర్పడం చాలా కష్టం. తెలుగులో ‘నేస్తున్నారు’ అని వర్తమానం కనబడుతుంది కాబట్టి ‘ఈజ్ వీవింగ్ సిన్స్ ఫార్టీ ఇయర్స్’ అని రాసేస్తారు. ఈ అబ్బాయి సరిగ్గా రాశాడు. సంతోషించాలి.

కానీ ఆ తాత మగ్గం దిగి ఏడాది దాటింది. చూపు మందగించింది. మేం వెళ్ళినప్పుడు మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది.

‘హాజ్ బీన్ వీవింగ్’ అంటే మొదలుపెట్టిన రోజు నుంచి ఈ క్షణం వరకు ఆ పని ఆగలేదని. చదివినవాడు కొత్తవాడ వెళ్ళి, నేస్తున్న తాతను చూడాలనుకుంటాడు. అబ్బాయికి ఇది చెప్పాను. వాడు తల దించుకున్నాడు. “ఆపేశారని రాయడం నాకిష్టం లేదు మేడం” అన్నాడు.

‘హీ వోవ్ దర్రీస్ ఫర్ ఫార్టీ ఇయర్స్’ అంటే నిజం. నలభై ఏళ్ళు నేశారు, ముగిసింది. కానీ ఆ సాదా భూతకాలంలో ఒక తలుపు మూసిన చప్పుడు ఉంది. తెలియనివాళ్ళు చదివితే ఆయన లేరనుకునే ప్రమాదం కూడా ఉంది. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. అప్పుడు వాడినే తాత గురించి తెలుగులో మళ్ళీ చెప్పమన్నాను. మాటల మధ్యలో వాడు అన్నాడు: “ఇప్పటివరకు ఎన్ని వందల దర్రీలు నేశారో మా తాతకే లెక్క తెలియదు.”

‘ఇప్పటివరకు.’ చిన్న మాట దొరికింది. మనిషి ఉన్నారు, ఆయన జీవితం ఇంకా తెరిచి ఉన్న లెక్క. పని ఆగినా, చేసిన పని ఆయన చేతిలోనే ఉంది. ‘హీ హాజ్ వోవెన్ హండ్రెడ్స్ ఆఫ్ దర్రీస్.’ ఇది నిజం. మగ్గం ఇప్పుడు ఆడుతోందని ఇది చెప్పదు. తలుపూ మూయదు. ‘వీవింగ్’ అనకుండా ‘వోవెన్’ అన్నందుకు ఆ పని కొనసాగింపు కాకుండా ఆ పని ఫలితం, దర్రీల సంఖ్య, ముందుకు వచ్చింది. వాడు దాన్ని రాసుకుని, చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాతకు చదివి వినిపిస్తానన్నాడు.

పర్ఫెక్ట్ అనే కాలాన్ని నేను ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

ఆగస్టు 24

‘సిన్స్’, ‘ఫర్’ తేడాకు పిల్లలకు ఒక తెలుగు ఉపాయం దొరికింది. దొరికించుకున్నది వాళ్ళే కాబట్టి ఇక్కడ రాసి పెట్టాలి.

మన ‘నుంచి’ రెండు పనులూ చేస్తుంది. ‘2015 నుంచి’ అంటాం, ‘పదేళ్ళ నుంచి’ అంటాం. అందుకే రెండు చోట్లా ‘సిన్స్’ పడుతుంది. అయితే ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్ళుగా’ కుదురుతుంది. ‘2015గా’ కుదరదు. ‘గా’ ఒప్పుకున్న చోట ‘ఫర్’, ఒప్పుకోని చోట ‘సిన్స్’. ‘మూడు రోజులుగా వాన’, ‘సోమవారం నుంచి వాన’. చిన్నప్పటి నుంచి తెలుగు మాట్లాడే చెవికి ఇందులో పొరపాటు జరగదు. ఇంగ్లీషు నియమం గుర్తుపెట్టుకోనక్కర లేదు, తెలుగు చెవిని అడిగితే చాలు.

దీని తర్వాత ఒక గంటలో ముప్పై వాక్యాలు సరిదిద్దుకున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

సెప్టెంబరు 14

మా అక్క కూతురు మాంచెస్టర్‌లో పుట్టి పెరిగింది. పది పేజీల చిత్తు ప్రతి తనకు పంపాను. రాత్రి ఫోను చేసింది. “చిన్నమ్మా, కాలాలన్నీ బాగున్నాయి. కానీ కొన్ని చోట్ల తప్పు లేదు, అలా ఎవరూ అనరు” అంది. ఈ రెండో రకం దోషం గురించి నాకు ఎప్పుడూ భయమే. తప్పును పుస్తకం చూసి దిద్దవచ్చు. ‘అలా ఎవరూ అనరు’ అనేదాన్ని మాట్లాడేవాళ్ళ చెవితో తప్ప పట్టుకోలేం.

తను గుర్తు పెట్టినవాటిలో ఎక్కువ చోట్ల కింద తెలుగు వాక్యం పడుకుని ఉంది. మేడారం జాతర ‘వన్స్ ఇన్ టూ ఇయర్స్’ అని రాశాం. మన ‘రెండేళ్ళకోసారి’ని మాటకు మాట దించాం. అక్కడ ‘ఎవ్రీ టూ ఇయర్స్’ అంటారట. దీనికి ముందు మేం ‘బైయాన్యువల్’ అని పెట్టి తీసేశాం. ఆ మాటకు ఏడాదికి రెండుసార్లు అని అర్థం. రెండేళ్ళకోసారి అనడానికి ‘బైఎన్నియల్’ ఉంది. ఈ రెంటినీ ఇంగ్లీషు వాళ్ళే కలగాపులగం చేస్తారు. కోటిమందికి పైగా వచ్చే జాతర గురించి సందేహం పుట్టించే మాట వాడకూడదు. ‘ఎవ్రీ టూ ఇయర్స్’ ఖాయం.

‘చెప్పులు ఇక్కడ విడవండి’ అనే దగ్గర మేం రాసిన ‘స్లిప్పర్స్’ అనే మాట బ్రిటన్ వాళ్ళకు ఇంట్లో వేసుకునే మెత్తటి జోళ్ళను గుర్తు తెస్తుంది. ‘షూస్’ అంటే అన్ని రకాలూ వస్తాయి. ‘టైమింగ్స్’ అని మేం పెట్టినదాన్ని ‘ఓపెనింగ్ అవర్స్’ అని మార్చమంది. ఇక్కడ తనతో కాసేపు వాదించాను. ‘టైమింగ్స్’ మన దేశమంతా రాసుకునే మాట, తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళకు, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళకు అది తేలిగ్గా తెలుస్తుంది. మన దేశపు ఇంగ్లీషును తప్పుల ఇంగ్లీషు అనడం నాకు నచ్చదు. అనుకున్న సమయం కంటే ముందుకు జరపడానికి మనం వాడే ‘ప్రిపోన్’ను నిఘంటువులే చేర్చుకున్నాయి. అయితే తను అడిగిన ప్రశ్న సరైనది: ఓపెనింగ్ అవర్స్ అర్థం కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. ఇద్దరికీ తెలిసే మాట ఉండగా ఒకరికే తెలిసే మాట ఎందుకు? మార్చాం.

‘సిచ్యుయేటెడ్’ పద్నాలుగు చోట్ల ఉంది. పదమూడు కొట్టేశాం. గుడి పాలంపేటలో ‘ఈజ్’, అంతే. ‘వెరీ ఏన్షియంట్ అండ్ గ్లోరియస్’ లాంటి విశేషణాలు కూడా పోయాయి. తెలుగులో ‘అతి పురాతనమైన, మహోన్నతమైన’ అంటే సొంపుగా ఉంటుంది. ఇంగ్లీషులో అవి ఒకదానికొకటి బలం తగ్గించుకుంటాయి. ‘1213’ అని రాస్తే పురాతనం దానంతట అదే తెలుస్తుంది.

ప్రసాదం, మండపం, తోరణం మాత్రం అలాగే ఉంచాం. వాటికి ఇంగ్లీషు మాట పెడితే వస్తువే మారిపోతుంది.

సెప్టెంబరు 28

బతుకమ్మ రోజులు. ఎల్లుండి సద్దుల బతుకమ్మ. తరగతి జరగలేదు కాని, వేయిస్తంభాల గుడి ముందు బతుకమ్మలు ఆడుతుంటే ఒక అమ్మాయి పరుగున వచ్చి కాగితం ఇచ్చి వెళ్ళింది. ‘ఆడవాళ్ళు తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతారు.’ దానికి ‘విల్ ప్లే’ అని రాసింది.

మన ‘ఆడతారు’ రేపటికీ పనికివస్తుంది, ప్రతి ఏడాదికీ పనికివస్తుంది. రోజూ ‘వస్తాడు’, రేపు ‘వస్తాడు’. ఇంగ్లీషులో ప్రతి ఏడాది జరిగేది సాదా వర్తమానం. చిన్న మాట వెతకాలి: ‘ఏటా’, ‘రోజూ’, ‘ఎప్పుడూ’ పెడితే వాక్యం కుదిరిందా? అయితే ‘విల్’ వద్దు. ఇంకో సంగతి: బతుకమ్మను ‘ప్లే’ అనడం కూడా బయటివాళ్ళకు ఆటస్థలాన్ని గుర్తు తెస్తుంది. పూల చుట్టూ పాడుతూ తిరుగుతారు అని, ‘సింగ్’, ‘డాన్స్’ పెట్టి విడమరిచి రాశాం.

అక్టోబరు 12

ఈ వారమంతా ‘హాడ్’ మీద గడిచింది. మన పిల్లలకు ఇది చాలా ఇష్టమైన మాట. దూరంగా జరిగినదైతే ‘హాడ్’ పెట్టాలని, పాతదైనకొద్దీ అది అవసరమని ఎలాగో మనసులో నాటుకుంది. పాతదనానికీ దానికీ సంబంధం లేదు. ఒక గతం దగ్గర నిలబడి, దానికంటే ముందు గతాన్ని చూపిస్తేనే దాని అవసరం. మన మాట ‘అప్పటికే’. వాక్యంలో ‘అప్పటికే’ పెట్టి చూడు. అతికితే ‘హాడ్’, అతకకపోతే తీసేయ్.

మా పుస్తకంలో అది అతికిన చోటు కోట పేజీలో ఉంది. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం వశమయ్యేనాటికి కాకతీయులు స్వతంత్రులై దాదాపు నూట అరవై ఏళ్ళు. కోట ‘ఫెల్’, అప్పటికే వాళ్ళు ‘హాడ్ రూల్డ్’. రెండు మెట్ల గతం. ఆ పేజీలో ఇంకో చోట ఆగాం. నాలుగు కీర్తి తోరణాలు ఇంకా నిలిచి ఉన్నాయి, వాటి నడుమ ఉండిన స్వయంభు శివాలయం లేదు. ‘స్టిల్ స్టాండ్’ అని తోరణాలకు, ‘నో లాంగర్ స్టాండ్స్’ అని గుడికి రాశాం. ‘స్టాండ్’ అనే క్రియ రెండుసార్లు రావడం బాగుంది. అక్కడికి వెళ్ళి నాలుగు వైపులా తోరణాల మధ్య ఖాళీలో నిలబడినవాళ్ళకు ఆ పునరుక్తి తెలుస్తుంది.

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం కూడా ఈ లెక్కలోకి వచ్చింది. 2006లో రాళ్ళు విప్పడం మొదలైంది, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. వరుసగా చెబితే రెండూ సాదా భూతకాలమే. వెనక్కి తిరిగి చెబితేనే ‘హాడ్’. వరుసగానే చెప్పాం.

లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు గారి గురించి నాలుగు వాక్యాలున్నాయి. ‘భారతరత్న అందుకున్నారు’ దగ్గర ఇద్దరు ‘హాజ్ రిసీవ్డ్’ అన్నారు. ఆయన 2004లో మరణించారు, పురస్కారం 2024లో ప్రకటించారు. మరణించినవారిని కర్తగా పెట్టి ‘హాజ్’ వాడితే ఇంగ్లీషు చెవికి పొసగదు. కొత్తవాడ తాతకు తెరిచి ఉన్న లెక్క వీరి విషయంలో ముగిసింది. పైగా ‘అందుకున్నారు’ అనడమే కుదరదు. ‘వాజ్ అవార్డెడ్’ అని, మరణానంతరం అనే మాట చేర్చాం. ఈ తేడా చెప్పగానే కొత్తవాడ అబ్బాయి నా వైపు చూశాడు. వాడికి అందరికంటే ముందు అర్థమైంది.

నవంబరు 9

కోటకు వెళ్ళి, తోరణాల దగ్గర చిత్తు ప్రతి గట్టిగా చదివాం. ఒక్కొక్కరు ఒక పేజీ. కళ్ళతో చదివినప్పుడు కనబడనివి నోటికి అడ్డం పడతాయి. మూడు వాక్యాలు మరీ పొడుగు, ఊపిరి సరిపోలేదు. తెలుగులో ‘వచ్చి, చూసి, రాయి తెప్పించి, చెక్కించి, నిలబెట్టాడు’ అని ఎంత దూరమైనా లాగవచ్చు, చివరి క్రియ అన్నిటినీ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భారం మోసే చివరి క్రియ లేదు. తుంచి రెండు మూడు వాక్యాలు చేశాం.

ఆటో నడిపే ఒకాయన చెప్పిన మాటను ‘హీ సెడ్ దట్ ఐ విల్ షో యూ’ అని ఒకడు రాశాడు. ‘నేను చూపిస్తాను అని అన్నాడు’లోని ‘అని’ మాటను ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది. ఇంగ్లీషులో ‘దట్’ పెట్టాక ‘ఐ’ కాస్తా ‘హీ’ అవుతుంది, ‘విల్’ ‘వుడ్’ అవుతుంది. దాన్ని అక్కడికక్కడే దిద్దుకున్నారు.

మొదటి రోజు ఖాళీ కాగితం ఇచ్చిన అబ్బాయి ఈ రోజు కోట పేజీ చదివాడు. రెండు చోట్ల తడబడి, తనే ఆగి, చిన్న మాటను వెతుక్కుని దిద్దుకున్నాడు. ఎవరూ అందించలేదు.

నవంబరు 30

అచ్చుకు ముందు చివరి ప్రతి వచ్చింది. రెండు వందల కాపీలు వేయిద్దామనుకుంటున్నాం. వేయిస్తంభాల గుడి మెట్ల మీద ఆగిపోయిన అమ్మాయే మొదటి పేజీ చూసింది. ‘వాజ్ బిల్ట్ ఇన్ 1163’ కింద ఆమె పెన్సిలుతో పెట్టిన టిక్కు ఉంది.

మేడారం పేజీలో చివరి వాక్యం దగ్గర పని ఆగింది. వచ్చే జాతర 2026 జనవరి 28 నుంచి 31 వరకు అని రాశాం. ముందే ఖరారైన కార్యక్రమం కాబట్టి సాదా వర్తమానం, ‘టేక్స్ ప్లేస్’. కాజీపేటలో రేపటి బండి ఆరింటికి ‘లీవ్స్’ అన్నట్టే. వాక్యం సరిగ్గా ఉంది. అయితే ఒక అమ్మాయి వేలు పెట్టి చూపించింది: “ఫిబ్రవరి ఒకటో తారీఖున ఇది తప్పయిపోతుంది కదా మేడం. అప్పుడు ఎవరు మారుస్తారు?”

ఆ వాక్యాన్ని పుస్తకంలోంచి తీసేసి, రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరుగుతుందని మాత్రం ఉంచాం. తేదీలు విడిగా ఒక చీటీ మీద వేసి పుస్తకంలో పెడతాం. జాతర అయ్యాక చీటీ మార్చవచ్చు. ఇలా కాలం గడిస్తే చెడిపోయే వాక్యాలు ఇంకా ఎన్ని ఉన్నాయో అమ్మాయిలు ఇద్దరు కూర్చుని వెతుకుతున్నారు. ఇప్పటికి నాలుగు దొరికాయి. కొత్తవాడ పేజీలోని తాత వాక్యాన్ని ఆ జాబితాలో రాసి, కాసేపు చూసి, కొట్టేశారు.

చీటీ మాటలు రేపు రాయాలి.